పదహారు ఫ్లాట్లు అమ్మిన మాట

ఒక్క మాటతో పదహారు ఫ్లాట్లు అమ్మిన మొనగాణ్ణి నేను. తార్నాకలో ఇళ్ల బ్రోకర్లు వీధికొకరు ఉన్నారు. ఇలాంటి రికార్డు ఇంకెవరికైనా ఉంటే వచ్చి నా ఎదురుగా కూర్చోమనండి, చాయ్ నేనే తాగిస్తాను. నేను ఇంకొకరికి చాయ్ తాగిస్తానన్నానంటే ఆ నమ్మకం ఎంతటిదో నన్నెరిగినవాళ్లకు అర్థమవుతుంది.

ఆ బిల్డింగు యూనివర్సిటీ ప్రహరీకి రెండు వీధుల ఇవతల ఉంది. నాలుగు అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, కింద పార్కింగు. కట్టి ఏడాది దాటినా ఒక్కటీ కదల్లేదు. బోరులో నీళ్లు లేవు. లిఫ్టు కోసం వదిలిన గుంటలో పావురాలు కాపురం పెట్టాయి. బిల్డరు నన్ను పిలిచి, "ఏదన్న చెప్పు సేటూ, సరుకు మాత్రం పోవాలె" అన్నాడు.

మొదటి పార్టీగా ఒక ఇంజనీరు, ఆయన భార్య వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో స్థిరపడినవాళ్లు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. గాలి వచ్చింది. ఆవిడ నా వైపు తిరిగి నోరు తెరిచేలోపు నేనే నోరు తెరిచాను.

"ఒక సంగతి చెప్పడం మరిచానండీ. ఈ బిల్డింగులో ఒక కట్టుబాటు ఉంది. సాయిబులకు అమ్మరు, అద్దెకూ ఇవ్వరు. అందరూ కలిసి అనుకున్నారు."

అందరూ అంటే ఎవరు? అప్పటికి ఆ బిల్డింగులో ఉన్నది వాచ్‌మనూ, పావురాలూ.

ఆవిడ కుళాయి కట్టేసింది. "మంచి పద్ధతేనండీ" అన్నాడు ఇంజనీరు గారు. నీళ్ల మాట మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చారు. ఆయన పేరు సుబ్రహ్మణ్యం గారు. గుర్తుపెట్టుకోండి, ఈ కథలోకి ఆయన మళ్లీ వస్తారు.

మిగతా పదిహేను ఫ్లాట్లకూ అదే మంత్రం వేశాను. మూడు నెలల్లో బిల్డింగు ఖాళీ అయింది, అంటే నిండింది. ఈ తెలివి గురించి ఎన్నో ఏళ్లపాటు పెళ్లిళ్లలో, రైలు ప్రయాణాల్లో గొప్పగా చెప్పుకున్నాను. నా పేరు సత్యనారాయణ. పెట్టినవాళ్ల తప్పు.

ఇప్పుడు దుకాణం కట్టేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి కిటుకులు చెప్పమంటారు. కిటుకులేమిటో, అవి చివరికి ఎక్కడ తేలతాయో రెండూ కలిపి చెబుతాను.

తూకం, మాట

మాది నల్లకుంట మార్కెట్లో కిరాణా దుకాణం. మా నాన్న తూకంలో గింజ తక్కువ వేసేవాడు కాదు. త్రాసు సరిగ్గా నిలబడ్డాక ఇంకో చిటికెడు వేసి గాని పొట్లం కట్టేవాడు కాదు. మాటల్లో మాత్రం దేనికైనా తెగించేవాడు. పొద్దున లారీ దిగిన బియ్యం మధ్యాహ్నానికి రెండేళ్ల పాత బియ్యమైపోయేవి. "తూకం తప్పితే పాపంరా. మాటకేముంది, గాలి" అనేవాడు. ఆ వాక్యం పట్టుకునే నేను ఈ వృత్తిలో ముప్పై ఏళ్లు ఈదాను.

నాన్న మాట చెల్లని చోటు ఒక్కటే ఉండేది. యూనివర్సిటీ హాస్టల్ మెస్సుకు పప్పులు మా దుకాణం నుంచే వెళ్లేవి. అక్కడ పెద్ద వంటమనిషి ఖాజా భాయ్. సంచి దించగానే మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. పైన ఉన్న పప్పు పక్కన దాన్ని పెట్టి చూసేవాడు.

"ఏంది సేటూ, పైన పెండ్లికొడుకును కూసోబెట్టినవ్, కింద పిలవని చుట్టాలున్నరు" అనేవాడు. సంచి వాపసు వచ్చేది.

నాన్న దారంతా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చి, మళ్లీ ఆయన దుకాణానికి వస్తే కుర్చీ వేసి చాయ్ తెప్పించేవాడు. "ఆ మనిషి ముందర నా గాలి పనిచెయ్యదురా" అని నాతో అన్నాడొకసారి. అంతకంటే పెద్ద మెచ్చుకోలు మా నాన్న నోట ఎవరి గురించీ నేను వినలేదు.

ఫోన్లో పేరు

నాకు ఈ పని నేర్పింది నర్సింలు సేటు. తార్నాక చౌరస్తాకు దగ్గర ఆయన జిరాక్స్ దుకాణం. విద్యార్థుల కాగితాలు ఒకవైపు, ఖాళీ ఇళ్ల తాళంచెవులు ఇంకోవైపు. మొదటిరోజే చెప్పాడు: "ఓనర్ నోటితోని అడగలేని ముచ్చట నువ్వడుగు. గందుకే నీకు పైసలిచ్చేది."

బ్రోకరంటే ఇల్లు చూపించేవాడని జనం అనుకుంటారు. ఇల్లు ఎవరైనా చూపిస్తారు. మా అసలు పని జల్లెడ పట్టడం. ఫోన్ రాగానే పేరు అడుగుతాం. పేరులోనే విషయం తేలిపోతే, "అయ్యో, నిన్ననే పోయిందన్నా" అంటాం. పేరులో తేలకపోతే ఊరు అడుగుతాం. ఊరులోనూ తేలకపోతే తెలంగాణ వాళ్లయితే "ఏమోళ్లు?" అని, ఆంధ్రా వాళ్లయితే "ఏమిట్లండీ?" అని అడుగుతాం. ఈ ప్రశ్న ఎన్ని వేలసార్లు అడిగానో నాకే తెలియదు. మంచినీళ్లు అడిగినంత తేలిగ్గా అడిగేవాణ్ణి.

ఓనర్లు పెద్దమనుషులు. వాళ్ల నోటి నుంచి ఎప్పుడూ చెడ్డమాట రాదు. "డీసెంట్ ఫ్యామిలీ అయితే చాలండీ" అంటారు. "ప్యూర్ వెజ్ వాళ్లను చూడండి" అంటారు. ఈ రెండో మాట నాతో అన్న ఒకాయన ఆ సమయంలో కోడి కాలు కొరుకుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, నాకూ ఒక ప్లేటు పెట్టారు. తిని, చేతులు కడుక్కొని, ప్యూర్ వెజ్ వాళ్లను వెతకడానికి బయల్దేరాను.

ఒకసారి పాలమూరు వైపు నుంచి వచ్చిన రీసెర్చ్ విద్యార్థికి ఒక గది చూపించాను. గది నచ్చింది, అడ్వాన్సు జేబులోనే ఉంది. ఓనరు తాళంచెవి చేతిలో పట్టుకొని "ఏమోళ్లు బాబూ?" అన్నాడు. ఆ కుర్రాడు మొహమాటం లేకుండా తన కులం చెప్పాడు. మాదిగ. ఓనరు "అరె, తాళంచెవి యాడనో పెట్టిన, దొరుకుతలేదు. దొరికినంక ఫోన్ చేస్త" అంటూ జేబులు తడుముకున్నాడు.

ఆ విద్యార్థి నా వైపు తిరిగాడు. "అన్నా, ఆయన చేతిలనే ఉన్నది, చెప్పు జెర. పాపం, పెద్దమనిషి ఎతుక్కుంటున్నడు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. చౌరస్తాకు వచ్చి పదిమందికి చెప్పి నవ్వించాను. మరుసటి రోజు అదే గది ఇంకొకరికి ఇప్పించి కమీషన్ తీసుకున్నాను. జోకు బాగుందని ఇన్నాళ్లూ గుర్తుంచుకున్నాను. ఆ కుర్రాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో మాత్రం కనుక్కోలేదు.

ఇప్పుడు మీ దగ్గర యాప్‌లున్నాయి, ఇళ్ల ఫొటోలున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి. "ఓన్లీ వెజ్", "స్మాల్ డీసెంట్ ఫ్యామిలీ" అని రాసి ఒక నమస్కారం బొమ్మ పెడుతున్నారు. మా కాలంలో కనీసం గొంతు సవరించుకొని అడగాల్సి వచ్చేది. మీకు ఆ పాటి సిగ్గు కూడా లేకుండా పోయింది. ఇది ఆధునికం అని మాత్రం నాకు చెప్పకండి.

ఖాజా భాయ్ బిడ్డ

ఒక మధ్యాహ్నం నా ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. ఆఫీసంటే నర్సింలు సేటు పోయాక నాకు మిగిలిన ఆ జిరాక్స్ దుకాణమే. నూలు చీర, భుజాన సంచి, వేళ్లకు సుద్దముక్క పొడి.

"సత్యం అంకుల్ మీరేనా? నేను ఖాజా భాయ్ బిడ్డను. మెస్సు ఖాజా భాయ్."

"పప్పు సంచులు వాపసు పంపిన ఖాజా భాయా?"

"ఆయనే. ఇంట్ల కూడ అంతే. అమ్మీ చేసిన సాలన్ సుత వాపసు పంపేటోడు" అని నవ్వింది.

పేరు సమీనా. ఖాజా భాయ్ రిటైరై, కొన్నాళ్లకు పోయాడు. ఆయన ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన క్యాంపస్‌లోనే ఈమె చదివింది, కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసింది, ఇప్పుడు అక్కడే పాఠం చెబుతోంది. తల్లీ కూతుళ్లిద్దరే. ఉండేది వారాసిగూడలో, మూడో అంతస్తు. మనిషి పక్కకు తిరిగితే గాని ఎక్కలేని మెట్లు. తల్లికి మోకాళ్లు పోయాయి.

"ఆర్నెల్ల నుంచి అమ్మీ తనంతట తను కిందికి దిగలే అంకుల్. దవాఖానకు పోయినప్పుడు ఇద్దరు పట్టుకొని దించుతరు. బ్యాంకు లోన్ ఇస్తనన్నది. లిఫ్టు ఉండాలె, క్యాంపస్‌కు దగ్గర ఉండాలె. అమ్మీకి ఒకటే కోరిక. అబ్బా దినాం నడిచిన రోడ్డు మీద పొద్దుగాల నాలుగడుగులు నడుస్తనంటది. బేరం మీరే చెయ్యాలె. నాకు రాదు, ఆటోవాడు అడిగినంత ఇచ్చేస్త."

సరిగ్గా ఆ వారమే సుబ్రహ్మణ్యం గారు ఫ్లాటు అమ్ముతానని కబురు పెట్టారు. ఆయన కూతురు కొండాపూర్ వైపు ఉంటుంది, దంపతులిద్దరూ అక్కడే ఒక గేటెడ్ కమ్యూనిటీకి మారిపోతున్నారు. మొదటి అంతస్తు. ఈ ఇరవై ఏళ్లలో బోరు లోతు చేయించుకున్నారు, లిఫ్టు పెట్టించుకున్నారు. బాల్కనీలో నిలబడితే క్యాంపస్ చెట్లు కనిపిస్తాయి. ఇంతకంటే సరిపోయే ఇల్లు నా జన్మలో ఎవరికీ చూపించలేదు.

ఒకప్పుడు అక్కడ నేను చెప్పి అమ్మిన మాట ఇంకా బతికే ఉంటుందని నాకు తట్టలేదు. అన్నిచోట్లా ఉండే అడ్డంకే ఇక్కడా ఉంటుందని మాత్రం తెలుసు. దాన్ని దాటడానికి ఒక కిటుకు వేశాను. సంచి మూతి విప్పకుండా అమ్మేయడం.

"పార్టీ ఎవరండీ సత్యనారాయణ గారూ?" అని ఫోన్లో అడిగారు సుబ్రహ్మణ్యం గారు.

"యూనివర్సిటీలో ప్రొఫెసర్ మేడమ్ అండీ. కెమిస్ట్రీలో డాక్టరేట్."

"ఏమిట్లండీ?"

"వాళ్ల నాన్నగారు కూడా యూనివర్సిటీయేనండీ. ముప్పై ఏళ్ల సర్వీసు."

"అబ్బో, విద్యావంతుల కుటుంబం అన్నమాట."

ఒక్క అబద్ధమూ ఆడలేదని నా వీపు నేనే తట్టుకున్నాను. సమీనాకు ఈ సంభాషణ సంగతి చెప్పలేదు. ఆమె వచ్చి ఇల్లు చూసుకుంది. సుబ్రహ్మణ్యం గారి భార్య ఫిల్టర్ కాఫీ ఇచ్చి, "మీలాంటి వాళ్లు వస్తే మాకూ తృప్తి ప్రొఫెసర్ గారూ, ఇంత ప్రేమగా చూసుకున్న ఇల్లు" అంది. ధర దగ్గర నేను రెండు గంటలు కూర్చొని రెండు లక్షలు తగ్గించాను. టోకెన్ ఇచ్చాం.

అగ్రిమెంటు రోజున సమీనా తల్లిని కూడా తీసుకొచ్చింది. ఆమె నల్ల బురఖాలో ఆటో దిగింది. లిఫ్టులో మొదటి అంతస్తుకు చేరాక బయటికి రాలేదు. "ఔర్ ఏక్ బార్ బేటీ" అంది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వింది.

హాల్లో కూర్చున్నాం. సుబ్రహ్మణ్యం గారు మొదట ఆమెనూ, తర్వాత నన్నూ చూశారు. ఆధార్ జిరాక్సు తీసుకొని పేరు చదివారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివారు. వంటింట్లోకి వెళ్లారు. లోపల గుసగుసలు. కాఫీ వాసన రాలేదు. పావుగంటకు బయటికి వచ్చారు.

"ఇవాళ తిథి బాగోలేదటండీ. మంచిరోజు చూసి కబురు చేస్తాం."

ఇరవై ఏళ్ల కిందట ఇదే ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చిన రోజు అమావాస్య. ఆయనకు గుర్తులేదేమో, నాకు గుర్తుంది. ఆ రోజు దుకాణాలన్నీ దిష్టి తీసి గుమ్మడికాయలు కొట్టాయి.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "నాకేం అభ్యంతరం లేదండీ, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు" అన్నారు. మరునాడు టోకెన్ వాపసు పట్టుకొని నేను క్యాంపస్‌కు వెళ్లాను. డిపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడి సమీనా ఆ కవరు తీసుకుంది.

"నా పేరు వాళ్లకు ముందుగాల చెప్పలేదా అంకుల్?"

"చెబితే ఇల్లు చూడనివ్వరు బేటీ. అందుకని..."

"మరి నేను కాఫీ తాగింది ఎవరి పేరు మీద?"

ఆమె కవరు సంచిలో పడేసింది.

"నేను నా పేరు ఎన్నడు దాచుకోలే. మీరు దాచిన్రు. ఇప్పుడు వాళ్ల ముందల దొంగతనం చేసి దొరికినట్టయింది నాకు, అమ్మీకి. అబ్బా సంచి అడుగుకు చెయ్యి పెట్టి చూసేటోడు. మీరు నన్నే సంచిల పెట్టి అమ్మబోయిన్రు."

క్లాసుకు బెల్లయింది. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్ల వృత్తిలో నన్ను చాలామంది తిట్టారు. అందులో తొంభై తొమ్మిది శాతం కమీషన్ దగ్గర. దాన్ని తిట్టుగా లెక్కపెట్టకూడదు. ఇది మాత్రం తిట్టు.

మెట్లెక్కి అడిగితే

నాకు కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం మొదట ఊళ్లోవాళ్ల మీద రావడం మామూలే. వద్దంటున్నది అసలు ఎవరో పేరుతో సహా తేల్చాలని ఆ బిల్డింగుకు వెళ్లాను.

అసోసియేషన్ సెక్రటరీ రాంరెడ్డి రెండో అంతస్తు. నల్గొండ జిల్లాలో వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి చదువుకోసం వచ్చాడు. పల్లెటూరి పోరలు, మాంసం వండుతారు అని మూడు ఇళ్లల్లో గది లేదంటే, నాలుగో ఇంట్లో గది ఇప్పించింది నేనే. తర్వాత మోటర్ల రిపేరు దుకాణం పెట్టి, కష్టపడి పైకొచ్చి, ఈ ఫ్లాటు కొన్నాడు.

"నాకేంది సేటూ, నా దుకాణంల పనిచేసేటోళ్లు సగం మంది వాళ్లే. నాకేం ఫరక్ పడది. కిందింటి టీచరమ్మ ఒప్పుకోదు" అన్నాడు.

మొదటి అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరు కామేశ్వరమ్మ గారు. గోదావరి జిల్లా మనిషి.

"రామ రామ, నేనెందుకు కాదంటానండీ? ఎంతమంది ముస్లిం పిల్లలు నా దగ్గర చదువుకోలేదూ! పై అంతస్తు మల్లేశం గారు ఊరుకోరని భయం. ఆయన నోరు మంచిది కాదు."

నాలుగో అంతస్తుకు లిఫ్టులో వెళ్లాను. మల్లేశం బనీను మీద గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనా? నేనొక్కమాట అనలే. నేను కొన్ననాడే రూల్ ఉండె గద. పెద్దోళ్లు అందరు కల్సి పెట్టుకున్నరు, మనమెట్ల తీస్తం అని ఊకున్న."

"ఎవరు చెప్పారు రూల్ ఉందని?"

మల్లేశం నన్ను విచిత్రంగా చూశాడు. "ఏంది సేటూ, మజాక్ చేస్తున్నవా? నువ్వే గద చెప్పింది. ఈ గుమ్మంలనే నిలబడి చెప్పినవ్. నల్లా తిప్పితే నీళ్లు రాలే, గప్పుడు చెప్పినవ్."

కింద పార్కింగులోకి వచ్చి నా స్కూటరు మీద కాసేపు కూర్చున్నాను. పదహారు ఇళ్లలో ప్రతి ఇల్లూ మిగతా పదిహేను ఇళ్లకు భయపడుతోంది. ఆ భయానికి కాగితం లేదు, తీర్మానం లేదు, సంతకం లేదు. ఉన్నదల్లా కుళాయిలో నీళ్లు రాని సంగతి కప్పిపుచ్చడానికి నేను వదిలిన గాలి.

పార్కింగులో మీటింగు

రాంరెడ్డిని బతిమాలి ఆదివారం పొద్దున అందరినీ కిందికి పిలిపించాను. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను నిలబడి చెప్పాను. కట్టుబాటు అనేది ఎన్నడూ లేదని, ఫ్లాట్లు అమ్ముకోవడానికి నేనే పుట్టించానని, మీ అందరికీ వేర్వేరుగా అదే అబద్ధం చెప్పానని. మా నాన్న వినుంటే దుకాణం షట్టరు దించేసేవాడు. బేరగాడు తన అబద్ధాన్ని తానే బయటపెట్టడం మా వంశంలో లేదు.

అందరూ నన్ను కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. అదే నన్ను భయపెట్టింది.

"నువ్వు చెప్పింది అబద్ధమే కావచ్చు సేటూ" అన్నాడు రాంరెడ్డి మెల్లగా. "ఇరవై ఏండ్లు దాని మీదనే బతికినం గద. ఇంక అది అబద్ధమెట్లయితది?"

"రాంరెడ్డీ, నీకు మూడు ఇళ్లల్లో గది ఇయ్యలేదు. గుర్తుందా?"

అతను నేల చూశాడు. "గుర్తున్నది. అందుకే భయం. మళ్ల ఎవరన్న నన్ను వేలెత్తి చూపుతరేమో అని."

"పోనీ, అలాంటిది లేదని ఇప్పుడే అనేసుకుందామా?" అంది కామేశ్వరమ్మ గారు. "ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అని తనే చెయ్యెత్తింది. అటూ ఇటూ చూసింది. ఇంకో చెయ్యి లేవలేదు. చెయ్యి దించి కొంగు సర్దుకుంది.

నేను సుబ్రహ్మణ్యం గారి మీద పడ్డాను. "మీ ఇల్లు మీరు అమ్ముకోవడానికి వీళ్ల అనుమతి ఎందుకండీ? ఏ చట్టంలో ఉంది?"

"వెళ్లిపోయేవాణ్ణి సత్యనారాయణ గారూ. పోతూ పోతూ అందరితో మాట పడటం ఎందుకు?"

ఆ ఫ్లాటు నాలుగు నెలల తర్వాత మూడు లక్షలు తక్కువకు ఇంకొకరికి పోయింది. దుకాణదారు కొడుకుగా నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. కూరగాయల బండి దగ్గర కొసరు కరివేపాకు కోసం పావుగంట పోట్లాడే మనిషి, ఒక పేరు నచ్చక మూడు లక్షలు వదులుకున్నాడు, కిమ్మనకుండా. పైసా విలువ తెలిసిన జాతి మనది అంటారు. పచ్చి అబద్ధం. ద్వేషానికి మనం ఎంతైనా ఇస్తాం, బేరం కూడా ఆడం.

ఆ అమ్మకం నేను చెయ్యలేదు. నిజాయితీ అనుకోకండి, ఆయన నన్ను పిలవలేదు.

ఆఖరి బిల్లు

కొన్నాళ్లకు సమీనా నుంచి ఫోన్ వచ్చింది. నాగోల్‌లో మెట్రో దిగి, ఇంకో బస్సెక్కి వెళితే వచ్చే ఒక కొత్త కాలనీలో చిన్న ఇల్లు చూసుకుందట, కింద అంతస్తే. "బేరం మీరే చెయ్యాలె అంకుల్. మీ మీద కోపం వేరే, బేరం వేరే" అంది.

వెళ్లాను. ఆ కాలనీలో ఎవరూ ఎవరినీ ఏమిట్లని అడగరు. అందరూ తార్నాకలో, నల్లకుంటలో, బౌద్ధనగర్‌లో "నిన్ననే పోయిందన్నా" అని విన్నవాళ్లే. అలా తరిమి తరిమి ఒకచోట చేర్చి, ఆ తర్వాత మనమే అంటాం, వాళ్లంతా ఒక్కచోటే గుంపుగా ఉంటారండీ అని. ఈ మాట నేనూ అన్నాను. చాలాసార్లు.

ఆ రోజు ఆడినంత బేరం నా జన్మలో ఆడలేదు. ముందుగా ఇంట్లోని కుళాయిలన్నీ నేనే తిప్పి చూశాను. గోడ పగుళ్లు లెక్కపెట్టాను. వాకిట్లో బకెట్టు నీళ్లు పోయించి వాలు ఎటు ఉందో చూశాను. మోచేతి దాకా చెయ్యి దూర్చాననే చెప్పాలి. అమ్మేవాడు చెమటలు తుడుచుకొని, "పెద్దాయనా, ఈ ఇల్లు నీకేనా?" అన్నాడు.

రిజిస్ట్రేషన్ అయ్యాక సమీనా చెక్కుబుక్కు తీసింది. "కమీషన్ ఎంత?"

"నీ దగ్గర తీసుకోను బేటీ."

"తీసుకోవాలె. తీసుకోకుంటే ఇంటికి పోయి హిసాబ్ సాఫ్ అయిందనుకుంటరు. కాలే."

చెక్కు రాసి ఇచ్చింది. రసీదు అడిగింది. "పేరు పూరా రాయండి" అంది. డాక్టర్ సమీనా బేగం అని రాశాను. ఆమె అక్షరం అక్షరం చదువుకొని సంచిలో పెట్టుకుంది.

తల్లి వాకిట్లో మంచం మీద కూర్చుంది. మెట్లు లేవు, ఎవరూ పట్టుకోకుండా తనే నడిచి వచ్చింది. "భాయ్‌సాబ్, యూనివర్సిటీ ఎటుదిక్కు?" అని అడిగింది. నేను చెయ్యి చూపించాను. ఆ దిక్కున ఇంకా ఇళ్లు లేవని, ఖాళీ ప్లాట్లూ, హద్దురాళ్లూ తప్ప ఏమీ కనిపించదని చెప్పలేదు. ఆమె అటే చూస్తూ కూర్చుంది.

ఆ నెలలోనే దుకాణం మూసేశాను. కొత్త పిల్లలకు చెప్పేది ఒక్కటే. పేరు దాచి ఇల్లు ఇప్పించకండి, పేరు చూసి ఇల్లు లేదనకండి. లేదన్న ఓనరు చేత ఆ లేదన్న మాట ఆయన నోటితోనే చెప్పించండి. చెప్పలేడు. చాలామంది చెప్పలేరు. ఆ పని వాళ్ల తరఫున మనం చేస్తున్నాం కాబట్టే ఇది నడుస్తోంది.

ఇక బిల్లు. పదహారు ఫ్లాట్ల కమీషన్, ముట్టింది. మా ఇంటి మీద పై అంతస్తు లేచింది ఆ డబ్బుతోనే. సమీనా ఇంటి కమీషన్, అదీ ముట్టింది, పైసా తగ్గలేదు. సమీనా ప్రయాణం పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. అది ఆమె కడుతోంది, రిటైరయ్యేదాకా కడుతుంది. ఖాజా భాయ్ భార్య నడవాల్సిన క్యాంపస్ రోడ్డు మీద రోజూ పొద్దున్నే నేను నడుస్తున్నాను, షుగరుకు నడక మంచిదని డాక్టరు చెప్పాడు. నా మోకాళ్లు దిట్టంగా ఉన్నాయి.

తూకం తప్పితే పాపం, మాట గాలి అన్నాడు మా నాన్న. నేను తూచింది మాటలతోనే. తూకంలో తక్కువ పడింది ఎవరికో పైన రాశాను. ఈ బిల్లు కొంచెం తగ్గించుకుందామని నాతో నేనే ఎన్నోసార్లు బేరమాడాను. తగ్గలేదు.